కుటుంబ పుస్తకంలో పాత చావుపుట్టుకలు ఎక్కించడం: తిథులు, ఫసలీలు, ఒడియా రికార్డులు

మహేంద్రతనయ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న ఒకే ఇంటిపేరు కుటుంబాలకు పుస్తకం తయారు చేస్తున్నాం. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరిని చేసుకున్నారు, ఏం పండించి బతికారు, ఎప్పుడు ఎలా పోయారు, ఇంతే సంగతులు. అయిదు తరాల వరకు పేర్లు దొరికాయి. తేదీల దగ్గరే చిక్కు.

చేతిలో ఉన్నవి: తద్దినాల తిథులు, కొన్నిటికి సంవత్సరం పేరు కూడా ఉంది. రెండు తాటాకు జాతకాలు ఒడియాలో ఉన్నాయి, వాటిలో సంవత్సరం బదులు "అంక" అని అంకె ఉంది. మద్రాసు రోజుల దస్తావేజులు కొన్ని, వాటిపై ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం). ఇప్పటి ఒడియా ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) నకళ్లు.

అడగదలిచినవి: సంవత్సరం పేరు, తిథి తెలిస్తే ఇంగ్లీషు తేదీ ఎంతవరకు నమ్మకంగా కట్టొచ్చు? "జ్వరాల ఏడు పోయాడు" లాంటి మాటను ఎలా రాయాలి? రంగం (రంగూను, బర్మా) వెళ్లి తిరిగి రాని అన్నదమ్ములకు ఏ తేదీ వేయాలి? ఖతియాన్‌లో పేర్లు మనవాళ్ల పేర్లలా లేవు, వాళ్లే అని తేల్చుకునేది ఎలా? తాత పేరే మనవడికి, ఆ మనవడి పేరే అతని మనవడికి. ఎవరు ఎవరో కలిసిపోతున్నారు.

పంచాంగం పాతది

తిథుల సంగతి నేను చెబుతాను, కాగితాల సంగతి తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. కాళయుక్తి అంటే 1918–19 కావచ్చు, 1978–79 కావచ్చు. ఏదో తేల్చేది తరం లెక్క: పోయిన మనిషి పెద్ద కొడుకు వయసు, మనవల వయసు పక్కన పెట్టి చూస్తే అరవై ఏళ్ల తేడా దాగదు. పేరు ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా జరిగినవి వెనకటి పేరులోనే ఉంటాయి. ధాత మాఘంలో పోయారంటే 1936 కాదు, 1937. ఎక్కువ మంది జారేది ఇక్కడే.

రెండో గొయ్యి మీ ప్రాంతానికే ప్రత్యేకం. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజిలో (పంచాంగంలో) నెల పున్నమితో ముగుస్తుంది. శుద్ధ పక్షానికి ఇబ్బంది లేదు, ఇద్దరికీ అదే నెల పేరు. బహుళ పక్షానికి మాత్రం వాళ్ల పేరు ఒక నెల ముందుంటుంది. మన భాద్రపద బహుళమే వాళ్ల ఆశ్విన కృష్ణ పక్షం.

ఒక లెక్క వేసి చూపిస్తాను. "కాళయుక్తి ఆశ్వయుజ బహుళం, జ్వరాల్లో" అని ఉందనుకోండి. మన లెక్కన అది 1918 అక్టోబరు 20 ప్రాంతంలో మొదలై నవంబరు 3 ప్రాంతంలో దీపావళి అమావాస్యతో ముగిసిన పక్షం. ఇన్‌ఫ్లుయెంజా రెండో విడత దేశమంతా ఊళ్లు తుడిచిపెట్టిన రోజులు అవి, కాబట్టి మాటా తేదీ అతుకుతున్నాయి. అదే తిథిని ఒడియా తెలిసిన పురోహితుడు తన లెక్కలో రాసి ఉంటే సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 5 లోపల పడుతుంది. అంటే నెల తేడా. అందుకని తిథి ఎక్కడ దొరికినా ఎవరి చేత్తో, ఏ లిపిలో రాశారో పక్కన తప్పకుండా రాసుకోండి. తెలుగు ఇంట్లోనైనా ఒడియా బ్రాహ్మణుడు తద్దినం పెట్టించే అలవాటు ఉంటే ముందు ఆ సంగతి కనుక్కోండి.

వారం గుర్తున్నవాళ్లు దొరికితే వదలకండి. ఒక పక్షంలో ఒక్కో వారం రెండుసార్లే వస్తుంది. తిథీ వారమూ కుదిరాయంటే తేదీ దాదాపు ఖాయం. ఒక రోజు అటూ ఇటూ అయితే కంగారు పడొద్దు. తద్దినానికి పట్టేది ప్రాణం పోయిన వేళకున్న తిథి, పంచాంగంలో పెద్దక్షరాల్లో ఉండేది సూర్యోదయం నాటి తిథి. పైగా రాత్రి రెండు గంటలకు పోతే ఇంగ్లీషు లెక్కన తేదీ మారిపోయింది, మనవాళ్ల నోట ఇంకా నిన్నటి వారమే. రెండు రోజులు తేడా వస్తే మాత్రం తిథో వారమో తప్పు.

ఇంకో హెచ్చరిక. మహాలయ పక్షంలో పెట్టే వాటిని చనిపోయిన తిథులని పొరబడకండి. భాద్రపద బహుళ నవమి నాడు పెడుతున్నారంటే ఆవిడ ముత్తైదువుగా పోయింది అని మాత్రమే అర్థం, అది అవిధవా నవమి. చతుర్దశి నాడైతే ఆయుధం వల్లో ప్రమాదం వల్లో పోయిన మనిషి కావచ్చు. అమావాస్య నాడైతే చాలాసార్లు తిథి తెలియదనే లెక్క. ఇవి తేదీలు కావు, పోయిన తీరుకు ఆనవాళ్లు. ఆ సంగతి విడి గడిలో రాసుకుంటే పనికొస్తుంది.

జాతకాల్లో "అంక" పూరీ గజపతి పాలనా సంవత్సరం. భాద్రపద శుద్ధ ద్వాదశికి, వాళ్ల సునియా నాడు, మారుతుంది. లెక్క వరుసగా నడవదు. 1 ఉండదు, 6తో ముగిసే అంకెలుండవు, 10 తప్పించి సున్నాతో ముగిసేవీ ఉండవు. ఆ లెక్కన 9వ అంక అంటే ఏడో ఏడు, 19 అంటే పదహారో ఏడు, 21 అంటే పదిహేడో ఏడు. 1866 కరువును ఒడియావాళ్లు నేటికీ "న అంక" కరువంటారు, దివ్యసింహదేవు తొమ్మిదో అంకలో పడింది కాబట్టి. మీ తాటాకులో రాజు పేరుందా చూడండి. పేరు లేని ఉత్త అంకెతో ఏడు తేలదు. రాశిచక్రంలో గురువు, శని ఎక్కడున్నారో చూపించి జ్యోతిష్యుడి చేత ఏడు కట్టించాలి. శనికి చుట్టు తిరగడానికి సుమారు ముప్పై ఏళ్లు, గురువుకు పన్నెండు. రెండూ కలిస్తే అరవై ఏళ్లలో ఒక్క చోటే పడతాయి.

"జ్వరాల ఏడు", "అమ్మోరు పోసి", "గత్తరలో", "కరువులో". ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాయండి. గత్తర, అంటే కలరా, ఒక ఏడు వచ్చి పోయేది కాదు, మళ్లీ మళ్లీ వచ్చేది. మశూచీ అంతే. దాన్ని పట్టుకుని ఏడు వేయొద్దు. కరువంటే 1866 ఉంది, 1888–89లో గంజాంలో వచ్చింది ఉంది, 1896–97ది ఉంది. 1918 జ్వరాలు ఒక్కటే కాస్త గట్టి ఆనవాలు, అదీ ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురు, అందులోనూ వయసులో ఉన్నవాళ్లు పోతేనే. మన్యం జ్వరం వేరు, అది మలేరియా, ఏటా ఉన్నదే.

పాత దస్తావేజు

పై లెక్కలన్నీ బాగున్నాయి. ఆఫీసుల సంగతికొస్తే, ఏ ఊరు ఏ ఏట ఏ జిల్లాలో ఉందో ముందు పట్టిక వేసుకోకపోతే తప్పు గుమ్మాల చుట్టూ తిరుగుతారు.

1936 ఏప్రిల్ 1 వరకు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లా. ఆ రోజు నుంచి ఒడిశా గంజాం, ముఖ్య కేంద్రం ఛత్రపురం. 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. గుణుపురం వైపు చుట్టాలుంటే వాళ్లది వేరే దారి: 1936కు ముందు విశాఖపట్నం జిల్లా, తర్వాత కోరాపుట్, 1992 నుంచి రాయగడ. సరిహద్దు ఇవతల ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పాతపట్నం వైపున్న ఆడపడుచులది మరో దారి. 1936 వరకు గంజాం, అక్కడి నుంచి విశాఖపట్నం, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం. అన్నదమ్ములు ఏరుకు ఇద్దరూ చెరో ఒడ్డున ఉంటే ఒకే ఇంటి కాగితాలు రెండు రాష్ట్రాల్లో ఉంటాయన్నమాట.

మద్రాసు రోజుల్లో ఊళ్లో చావుపుట్టుకలు రాసేది గ్రామ మునసబు. 1899 నాటి మద్రాసు చట్టం కింద రాసేవారు. ఆ పుస్తకాలు చెదల పాలు కాకుండా మిగిలిన చోట్లు తక్కువ. దొరికితే మాత్రం అందులో పేరు పెట్టకుండానే పోయిన చంటిపిల్లలు కూడా కనిపిస్తారు, ఇంకే కాగితంలోనూ ఉండరు.

1969 చట్టం తర్వాత జరిగినవి సులువు, ఒక్క షరతు మీద. మరణం నమోదయ్యేది మనిషి ఊళ్లో కాదు, ప్రాణం పోయిన చోట. బరంపురం పెద్దాసుపత్రిలో పోతే బరంపురంలో, విశాఖ కేజీహెచ్‌లో పోతే విశాఖలో. ఊళ్లో పోతేనే మీ దగ్గరి రిజిస్ట్రారు. ఒడిశా పల్లెల్లో ఆ పని సీహెచ్‌సీ, పీహెచ్‌సీ వైద్యాధికారిది, ఆంధ్రా వైపు పంచాయతీ కార్యదర్శిది. వెతికించినా లేకపోతే "నమోదు లేదు" అనే పత్రం ఇస్తారు, అడిగి తీసుకోండి. రేపు వారసత్వం పనికి అదే మొదటి కాగితం. ఇంకొకటి, నకలులో మరణ కారణం ఉండదు. రిజిస్టరులో ఉన్నా నకలులో చూపకూడదని చట్టంలోనే ఉంది. గుమస్తాతో వాదించి లాభం లేదు. కారణం కావాలంటే ఆసుపత్రి కాగితమో ఇంటివాళ్ల మాటో.

ఫసలీ లెక్క తేలిక: మద్రాసు ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఏడు. జులై 1 నుంచి జూన్ 30 వరకు. 1345 ఫసలీ అంటే 1935 జులై నుంచి 1936 జూన్. అంటే రాష్ట్రం మారింది ఆ ఫసలీ మధ్యలోనే. ఉత్తరాది ఫసలీకి కలపాల్సిన అంకె వేరు, ఇంటర్నెట్‌లో దొరికే పట్టిక ఏ ప్రాంతానిదో చూసుకోండి.

దస్తావేజుల్లో నిజమైన సరుకు ఆస్తి వివరం కాదు, మనుషుల వివరం. ఒక మనిషి చివరిసారి అమ్మినవాడిగానో సాక్షిగానో కనిపించిన తేదీ ఒక అంచు. అతని కొడుకు పేరు ముందు "కీర్తిశేషులు ఫలానా వారి కుమారుడు" అని మొదటిసారి కనిపించిన తేదీ రెండో అంచు. మధ్యలో ఎప్పుడో పోయాడు. తద్దినం తిథి చేతిలో ఉంటే ఆ మధ్యలో ఉన్న ఏళ్లకు ఒక్కోదానికీ తిథి కట్టి, వారం గుర్తుంటే సరిచూసి, మిగిలింది తీసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పేర్ల సూచిక చూపించమనండి, అమ్మిన కొన్న ఇద్దరి పేర్లూ అందులో ఉంటాయి.

ఇక ఖతియాన్. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఊరు, ఖాతా నంబరుతో తీయొచ్చు. పేరు పక్కన "పి:" అంటే తండ్రి, "స్వా:" అంటే భర్త, "జా:" కులం, "బా:" నివాసం. తండ్రి పేరు, ఊరు రెండూ కుదిరితేనే మీవాడు. మనవాళ్ల పేర్లు ఒడియాలోకి ఎక్కేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి, అప్పలస్వామి అపలస్వామి అవుతాడు. "వ" తరచు "భ" గానో "బ" గానో మారుతుంది, వెంకటను భెంకట, బెంకట దగ్గర కూడా వెతకండి. ఇంటిపేరు చివరికి పోవచ్చు, అసలు రాకపోవచ్చు, దాని బదులు నాయుడు, రావు, దొర లాంటిది మిగలొచ్చు. హాల్ (ఇప్పటి) ఖాతాతో సరిపెట్టుకోకుండా సాబిక్ (వెనకటి) ఖాతా నంబరు కూడా తీయండి, వెనకటి సర్వే నాటి తరం అందులో ఉంటుంది.

ఖతియాన్‌లో పేరుంది కాబట్టి ఆ ఏటికి బతికున్నాడని మాత్రం రాయకండి. మ్యుటేషన్ (వారసుల పేరుకు మార్పు) చేయించకపోతే పోయిన మనిషి ముప్పై ఏళ్లైనా రైతుగానే నిలబడి ఉంటాడు.

బడి అడ్మిషన్ రిజిస్టరు పుట్టిన తేదీకి పనికొస్తుంది గానీ జూన్, జులై ఒకటో తేదీలను నమ్మొద్దు. అవి మేష్టారు వేసినవి.

వంశధార ఒడ్డు

పుస్తకం కట్టే తీరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

మనిషికో నంబరు ఇవ్వండి. తరం, గీత, వరుస: 3–2 అంటే మూడో తరంలో రెండోవాడు, ఎవరి కొడుకో పక్కన. పేర్లు కలిసిపోయే బాధ అక్కడే సగం పోతుంది. "పెద్ద రాములు, చిన్న రాములు" అని పిలుపు ఎలా ఉందో అలాగే పేరు పక్కన వేయండి, నోట ఉన్న గుర్తు అదే. కంప్యూటరులో చెట్టు గీసే సాఫ్ట్‌వేర్లలో కొన్ని మేనరికం దగ్గర తికమక పెడతాయి. మేనమామను చేసుకున్న పిల్ల ఒకవైపు నాలుగో తరం, ఇంకోవైపు మూడో తరం, అదే మనిషి రెండు చోట్ల కనిపిస్తుంది. ఆవిడకు పుట్టింటి నంబరు ఒక్కటే ఖాయం చేసి, రెండో చోట "చూ. 4–7" అని రాస్తే చాలు. దత్తత పోయినవాడికి రెండు ఇంటిపేర్లు, రెండు గోత్రాలు రాయాలి. ఇల్లరికం వచ్చిన అల్లుడిని మీ ఇంటిపేరులో కలపకండి, పిల్లల దగ్గర చిక్కొస్తుంది.

ప్రతి తేదీకి పక్కన మూడు మాటల్లో ఒకటి: "కాగితం", "పెద్దల మాట", "లెక్క కట్టింది". కాగితమైతే ఏ కాగితం, మాటైతే ఎవరి మాట, ఏ నెలలో చెప్పారు. "లెక్క కట్టింది" అన్నవాటికి అసలు తిథి తప్పకుండా మిగలాలి. తిథి చెరిపేసి ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఉంచిన పుస్తకాలు చాలా కనిపిస్తాయి, వాటిని తర్వాతివాళ్లు దిద్దుకోనే లేరు. నా దృష్టిలో ఇంతకు మించిన పాడు లేదు.

ముసలమ్మలను అడిగేటప్పుడు "ఏ ఏడు?" అంటే ఎవరూ చెప్పలేరు. "అప్పటికి నీ చంకలో ఎవరు?", "వరి కోతలకు ముందా, నూర్పిళ్లప్పుడా?", "ఈ గోడ కట్టారా అప్పటికి?", "తుపానుకు ముందా?" అని అడగండి. తుపాను అన్నప్పుడు ఏదో తేల్చుకోవాలి. 1999లో గోపాల్‌పూర్ దగ్గర అక్టోబరు 17న ఒకటి, 29న ఉత్తరంగా పెద్దది. 2013 అక్టోబరు 12న ఫైలిన్. 2018 అక్టోబరు 11న తిత్లీ, గజపతి కొండల్లో చావులు ఎక్కువ జరిగింది దానికే. అన్నీ అక్టోబరే కాబట్టి నెల చెప్పినా ఏది అన్నది తేలదు, పిల్లల వయసుతో తేల్చాలి.

కోడళ్ల దగ్గర పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పకుండా అడగండి. వంశవృక్షాల్లో "భార్య: లక్ష్మి" అని వదిలేస్తే రెండు తరాల తర్వాత ఆ లక్ష్మి ఎవరో ఎవరికీ తెలియదు. ఎంతమందిని కన్నది, ఎంతమంది దక్కారు అన్నది కూడా ఆవిడ పేజీలోనే. పురిటిలో పోయినవాళ్లు, వాళ్ల వెంట పోయిన పిల్లలు మొగవాళ్ల జాబితాల్లో ఉండరు.

సమాధులు ఉన్న శాఖలు ఉంటే, క్రైస్తవులైతే చర్చి బాప్తిస్మపు, సమాధి రిజిస్టర్లు ముందు అడగండి. రాళ్ల మీద అక్షరాలు అరిగిపోతే సున్నం, సుద్ద పూయకండి, ఆసిడ్ వద్దు, ఇనుప బ్రష్ అసలే వద్దు. నీళ్లు, మెత్తని బ్రష్. ఫోటో పొద్దున్నో సాయంత్రమో తీయండి, లేకపోతే టార్చి రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ఏటవాలు వెలుగులో గంటుల్లో నీడ పడి అక్షరం లేస్తుంది, ఎదురు ఫ్లాష్‌లో రాయి తెల్లగా తప్ప ఏమీ రాదు. పక్కనే సవర ఊళ్లలో పాతిన రాళ్లుంటాయి, వాటి మీద రాత ఉండదు. ఎవరికి ఏ రాయో ఆ ఇంటివాళ్లే చెప్పాలి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి.

రంగం సంగతి. తేదీ వేయకండి, అంచులు వేయండి. చివరి ఉత్తరమో మనియార్డరో వచ్చిన తేదీ ఒకటి. రంగూను మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, 1942 మార్చి మొదట్లో ఊరు జపానువాళ్ల చేతికి పోయింది. ఓడ దొరకనివాళ్లు అరకాను మీదుగా, మణిపురం మీదుగా నడిచారు, దారిలో చాలామంది పోయారు. చివరి ఉత్తరం 1941 నవంబరుదైతే "1941 నవంబరు తర్వాత, బర్మాలోనో దారిలోనో" అంటే చాలు. ఉత్తరం 1935తో ఆగిపోయినవాణ్ని మాత్రం యుద్ధం ఖాతాలో వేయకండి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్లూ తక్కువేం కాదు.

మహేంద్రతనయ

అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో రెండు. గయలో, కాశీలో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర పేర్లుంటాయంటారు, నిజంగా దొరుకుతాయా? రెండోది, ఒకరి విషయంలో చతుర్దశి మహాలయం అని తేలింది. ఇంటివాళ్లు కారణం రాయొద్దంటున్నారు.

పాత దస్తావేజు

దొరుకుతాయి, అడిగే పద్ధతి ఉంది. ఇప్పటి జిల్లా పేరు చెబితే లాభం లేదు. "గంజాం జిల్లా, పర్లాకిమిడి, ఫలానా ఊరు, ఫలానా కులం, ఇంటిపేరు" అని చెప్పాలి, బహీలు (పండాల పుస్తకాలు) అలాగే కట్టి ఉంటాయి. ఏ పండా కుటుంబం ఆ ప్రాంతానిదో ముందు కనుక్కోండి, స్టేషన్లో పట్టుకున్నవాళ్లతో వెళ్లొద్దు. బహీలో వెళ్లినవాళ్లు తమ చేత్తో రాసిన వంశం ఉంటుంది. ఆ తేదీ యాత్రది, మరణానిది కాదు. తండ్రికి పిండం పెట్టారంటే ఆ తేదీకి ముందే తండ్రి పోయాడని ఒక అంచు దొరికినట్టు. ఫోటో తీయనివ్వకపోతే అక్కడే కూర్చుని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకోండి.

వంశధార ఒడ్డు

కారణం గడి ఖాళీగా వదిలేయండి, అబద్ధం మాత్రం రాయకండి. "గుండెనొప్పి" అని రాస్తే రేపు మనవలు డాక్టరు దగ్గర అదే చెబుతారు. అచ్చులో "పోయారు" అని తేదీతో ఆపి, తెలిసింది విడి కాగితం మీద రాసి ఆ ఇంటి పెద్దకే ఇవ్వండి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, ఆధార్ కూడా అచ్చులోకి రాకూడదు.

అచ్చు వేసేటప్పుడు ప్రతి శాఖ చివర రెండు మూడు ఖాళీ పేజీలు కుట్టించండి. గమ్ బైండింగ్ వద్దు, దారం కుట్టు. ఈ తేమకు గమ్ అయిదారు వానాకాలాలు దాటదు.

పంచాంగం పాతది

ఆ తాటాకుల ఫోటో వీలైతే ఇక్కడ పెట్టండి, రాశిచక్రం ఉన్న ఆకు చాలు. జాతకుడి పేరున్న భాగం కప్పేసి పెట్టండి. ఆకు మీద మసి రాయకుండా, ఏటవాలుగా వెలుగు వేసి తీయండి.